రాణి చీమ జాతి నిర్ధారణ

పుట్టిన గూటిని వదిలి ఒంటరిగా తిరుగుతూ దొరికిన ఆడ చీమ ఏ జాతిదో దాని ఒంటి తీరు, దొరికిన చోటు, వేళ, అది పెంచే సంతానం ఆధారంగా తేల్చడమే రాణి చీమ జాతి నిర్ధారణ. చీమల మీద పరిశోధన చేసేవారికి, రేవుల్లో పరాయి జాతులను అడ్డుకునే క్వారంటైన్ సిబ్బందికి, గాజు గొట్టాల్లో చీమలను పెంచే అభిరుచి ఉన్నవారికి దీని అవసరం పడుతుంది.

ప్రపంచంలో ఇప్పటివరకు వర్ణించిన చీమ జాతులు 14 వేల పైచిలుకు. భారతదేశంలో నమోదైనవి ఉపజాతులతో కలిపి 800కు పైగా ఉన్నాయి. వీటిలో అత్యధిక భాగాన్ని శ్రామిక చీమలను చూసి వర్ణించారు. గూటి దగ్గర ఎప్పుడు వెతికినా దొరికేవి అవే. రాణి గూటి లోపలే ఉండిపోతుంది, రెక్కల రాణులు ఏడాదిలో కొద్ది రోజులే బయటికి వస్తాయి. 1903లో సి.టి.బింగ్‌హామ్ 'ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా' గ్రంథమాలలో చీమల సంపుటం వెలువరించిన నాటి నుంచి, 1994లో బారీ బోల్టన్ ప్రపంచ చీమల ప్రజాతులకు గుర్తింపు గ్రంథం రాసేవరకు నిర్ధారణ పట్టికలు ప్రధానంగా శ్రామికుల లక్షణాల మీదే నడిచాయి. రాణిని తీసుకొని ఆ పట్టికలు పట్టుకుంటే మొదటి మెట్లు సవ్యంగానే సాగుతాయి, తర్వాత దారి తప్పుతుంది. ఉపకుటుంబం కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఓపిక ఉంటే ప్రజాతి కూడా చాలావరకు తెలుస్తుంది. జాతి పేరు మాత్రం తరచుగా ఆ రాణికి శ్రామికులు పుట్టేవరకు ఆగవలసిందే.

రాణేనా, కాదా

తెలుగు నేలలో రెక్కల రాణులు ఎక్కువగా కనిపించేది తొలకరిలో. అదే రోజుల్లో ఉసుళ్లు కూడా దీపాల చుట్టూ ముసురుతాయి. ఉసుళ్లు రెక్కలొచ్చిన చెదపురుగులు. అవి బొద్దింకలకు దగ్గరి బంధువులు, చీమలతో వాటికి చుట్టరికం లేదు. చెదపురుగుకు నడుము ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవు, స్పర్శశృంగాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చీమకు నడుము సన్నగా నొక్కుకుపోయి ఉంటుంది, ముందు రెక్కలు వెనుక వాటికంటే బాగా పెద్దవి, స్పర్శశృంగం మొదటి కణుపు పొడవుగా సాగి అక్కడినుంచి మడత పడుతుంది.

మగ చీమలు కూడా రెక్కలతోనే వస్తాయి. వాటికి తల చిన్నది, కళ్లు పెద్దవి, దవడలు బలహీనం, స్పర్శశృంగానికి ఆ మడత సరిగా ఉండదు. దీపాల దగ్గరికి వచ్చే డోరిలస్ ప్రజాతి మగవాటిని చూసి చాలామంది రాణి దొరికిందనుకుంటారు. గోధుమరంగులో, లావుపాటి పొట్టతో అవి చీమల్లా అనిపించవు. లిన్నేయస్ అంతటివాడు 1764లో ఒక డోరిలస్ మగ చీమను కందిరీగల జాబితాలో చేర్చాడు. ఆ ప్రజాతి రాణికి రెక్కలూ లేవు, కళ్లూ లేవు. అది గూడు వదిలి బయట దొరకడం చాలా అరుదు. మ్యుటిల్లిడే కుటుంబంలోని రెక్కల్లేని ఆడ కందిరీగలు మరో పొరపాటుకు కారణం. ఎర్రటి ఒళ్లు, తెల్లని మచ్చలు, దట్టమైన నూగుతో అవి నేలమీద చీమల్లా పరుగెత్తుతాయి, పట్టుకుంటే తీవ్రంగా కుడతాయి. (వానాకాలపు ఆరుద్ర పురుగు వేరు, దానికి ఎనిమిది కాళ్లు.)

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేవి అదే గూటిలోని పెద్ద శ్రామికులు. గండుచీమల్లో పెద్ద తల ఉన్న శ్రామికిని రాణిగా పొరబడటం మామూలు. ఇక్కడ తలను, పొడవును పక్కన పెట్టి వక్షాన్ని చూడాలి. శ్రామికి వక్షం సన్నగా, పైనుంచి చూస్తే దాదాపు ఒకే పలకలా ఉంటుంది. రాణి వక్షం ఎగిరే కండరాలు పట్టేంత లావుగా ఉబ్బి, స్పష్టమైన గీతలతో పలకలు పలకలుగా విడిపోయి కనిపిస్తుంది. రెక్కలు రాలిన చోట పక్కల్లో చిన్న మొద్దులు మిగులుతాయి. నడినెత్తిన ముక్కోణంలో మూడు చిన్న నేత్రకాలు ఉంటాయి. రెక్కలు రాలిపోయాయంటే జతకట్టిందని అర్థం కాదు. జతకట్టని రాణులు కూడా రెక్కలు వదిలేస్తాయి. అలాంటి రాణి పెట్టే గుడ్లనుంచి మగవే పుడతాయి.

నడుము, మీసాలు, పొట్ట కొస

రాణి అని తేలాక చూడవలసింది వక్షానికీ పొట్టకూ నడుమ ఉన్న కణుపుల లెక్క. ఈ లక్షణం రాణిలోనూ శ్రామికిలోనూ ఒకటే కాబట్టి నమ్మదగినది. రెండు కణుపులు ఉంటే ఎక్కువ సందర్భాల్లో అది మిర్మిసినే ఉపకుటుంబం. ఫైడోలే, సొలెనోప్సిస్, మోనోమోరియం, క్రిమాటోగాస్టర్, మెరానోప్లస్, కెరిబారా అన్నీ ఇందులోవే. ఒళ్లు సన్నగా పొడవుగా, కళ్లు పెద్దగా ఉండి చెట్టు మీద దొరికితే సూడోమిర్మిసినేలోని టెట్రాపొనెరా కావచ్చు. వాటిలో నలుపు తల, నలుపు పొట్ట, నడుమ ఎర్రటి వక్షం ఉన్న టెట్రాపొనెరా రూఫోనైగ్రాను రంగుతోనే గుర్తుపట్టవచ్చు. రంగు చూసి జాతి చెప్పగల అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

ఒకే కణుపు ఉంటే పొట్ట కొస చూడాలి. అక్కడ గుండ్రటి రంధ్రం, దాని చుట్టూ వెంట్రుకల అంచు కనిపిస్తే అది ఫార్మిసినే. ఈ ఉపకుటుంబానికి కొండి లేదు, ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతుంది. కొస అడ్డంగా చీలినట్టు ఉంటే డోలికోడెరినే. కొండి ఉండి, పొట్టలో మొదటి భాగానికీ రెండో భాగానికీ మధ్య నొక్కు కనిపిస్తే పొనెరినే.

తర్వాత స్పర్శశృంగాల కణుపులు లెక్కపెట్టాలి. వాడుకలో మీసాలు అనే వీటిని లెక్కపెట్టడానికి కనీసం 20 రెట్లు పెద్దదిగా చూపే సూక్ష్మదర్శిని కావాలి. చేతిలో పట్టుకునే పదిరెట్ల భూతద్దం గండుచీమకు సరిపోతుంది కానీ నాలుగు మిల్లీమీటర్ల రాణికి చాలదు. ఫైడోలేలో సాధారణంగా 12 కణుపులు ఉంటాయి. చివరి మూడు లావెక్కి గదలా ఉంటాయి. సొలెనోప్సిస్‌లో ఆ గద రెండు కణుపులదే. పొలాల గట్ల మీద పుట్టలు పెట్టి మంటపుట్టేలా కుట్టే ఎర్రచీమల్లో సొలెనోప్సిస్ జెమినాటా ఒకటి. అది అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలనుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. దాని శ్రామికికి 10 కణుపులు ఉంటాయి. ఆ ప్రజాతి రాణుల్లో 11 ఉండటం కద్దు. శ్రామికుల పట్టిక పట్టుకొని రాణి మీసాలు లెక్కపెట్టినవారు ఈ ఒక్క కణుపు తేడాతో వేరే ప్రజాతిలోకి వెళ్లిపోతారు. క్రిమాటోగాస్టర్ అయితే లెక్కలతో పనిలేదు. దాని నడుము రెండో కణుపు పొట్ట ముందు అంచుకు కాక పైభాగానికి అతుక్కొని ఉంటుంది. మరే ప్రజాతిలోనూ ఇలా ఉండదు.

ఫార్మిసినేలో కాంపొనోటస్‌ను గుర్తించడానికి స్పర్శశృంగాలు ఎక్కడ మొలిచాయో చూస్తారు. నోటి పైనుండే పలక అంచుకు అవి ఎడంగా ఉంటాయి. చెట్ల ఆకులను కలిపి గూళ్లు కట్టే ఈకోఫిల్లా స్మరాగ్డినా రాణి ఆకుపచ్చ ఛాయతో, 20 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. తూర్పు కనుమల అంచున మామిడి తోటలున్నవారు దాని శ్రామికులను కాటు ద్వారా బాగా ఎరుగుదురు. భారతదేశంలో ఈ ప్రజాతికి ఈ ఒక్క జాతే ఉంది కాబట్టి ప్రజాతి తెలిస్తే జాతి తెలిసినట్టే.

జాతి దగ్గర చిక్కు

కాంపొనోటస్‌లో, ఫైడోలేలో చెరి వెయ్యికి పైగా జాతులు ఉన్నాయి. ఇలాంటి పెద్ద ప్రజాతుల్లో ఒంటరి రాణికి జాతి పేరు పెట్టడం దుస్సాహసం. ఫైడోలేలో జాతులను వేరుచేసేది ప్రధానంగా పెద్దతల సైనికుల తలమీది గీతలు, గుంటలు. రాణి తలమీది చెక్కడం వాటికి సరిగ్గా సరిపోదు. మెరానోప్లస్ శ్రామికికి వక్షం మీద డాలు లాంటి పలక, దాని అంచున ముళ్లు ఉంటాయి. ప్రజాతి అంతటికీ గుర్తు అదే. ఎగిరే కండరాల కోసం రాణి వక్షం వేరే విధంగా ఏర్పడుతుంది కాబట్టి ఆ డాలు రాణిలో అదే రూపంలో కనిపించదు. పాలిరాకిస్ రాణుల్లో ముళ్లు శ్రామికులకంటే పొట్టిగా ఉంటాయి. కెరిబారా డైవర్సాలో చిన్న శ్రామికి రెండు మూడు మిల్లీమీటర్లు, రాణి దానికి ఏడెనిమిది రెట్లు. ఆ రెండూ ఒకే గూటివని చెబితే కొత్తవారు నమ్మరు.

పొడవును ఆధారంగా తీసుకునేవారు మరో సంగతి గమనించాలి. రాణి పొట్ట గుడ్లతో నిండినప్పుడు సాగుతుంది, ఆకలితో ఉన్నప్పుడు ముడుచుకుంటుంది. ఒకే రాణి వేర్వేరు నెలల్లో వేర్వేరు పొడవు చూపిస్తుంది. అందుకే శాస్త్రజ్ఞులు తల వెడల్పును, పక్కనుంచి చూసిన వక్షం పొడవును కొలుస్తారు. గట్టి పెంకు గల ఆ భాగాలు వయసుతో మారవు. రంగు కూడా అంత నమ్మదగినది కాదు. ప్యూపా దశ నుంచి అప్పుడే బయటపడిన చీమ లేత రంగులో ఉండి క్రమంగా ముదురుతుంది. రంగు కంటే వెంట్రుకలు ఎక్కువ చెబుతాయి. కాంపొనోటస్ సెరిసియస్ పొట్టను కప్పే దట్టమైన బంగారు నూగు రాణిలోనూ ఉంటుంది. దక్కన్‌లో సర్వసాధారణమైన గండుచీమ కాంపొనోటస్ కంప్రెసస్‌కు ఆ నూగు లేదు. 1787లో ఫాబ్రీషియస్ పేరు పెట్టిన ఈ జాతి రాణి నల్లగా, 15 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. నల్లగా పెద్దగా ఉన్న ప్రతి రాణీ ఇదే అనుకోవడం మాత్రం తప్పు.

రాణి వక్షం జాతిని చెప్పకపోయినా బతుకుతెరువును చెబుతుంది. జతకట్టిన తర్వాత చాలా జాతుల రాణులు చిన్న గదిలో మూసుకొని, ఆహారం ముట్టకుండా, కరిగిపోయే రెక్కల కండరాల పోషకాలతోనే తొలి సంతానాన్ని పెంచుతాయి. వాటి వక్షంలో మధ్యభాగం బాగా పెరిగి, మెడ దగ్గరి పలకను పైనుంచి కనిపించనివ్వదు. పొనెరినే, టెట్రాపొనెరా లాంటి వాటిలో రాణి మధ్యమధ్య బయటికి వచ్చి వేటాడుతుంది. వేటాడే రాణికి మెడ బలం కావాలి, ఆ పలక పెద్దదిగా ఉంటుంది. పట్టుకున్న రాణికి తిండి పెట్టాలా, అక్కరలేదా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది.

చోటు, వేళ

పరీక్ష బల్ల దగ్గర తేలని సంగతులు చాలావాటిని పట్టుకున్నప్పటి చీటీ తేలుస్తుంది. ఒక ప్రాంతంలోని వేర్వేరు జాతులు తరచుగా వేర్వేరు వేళల్లో జతకట్టే విహారానికి బయల్దేరుతాయి. కొన్ని తెల్లవారుజామున, కొన్ని మిట్టమధ్యాహ్నం, కొన్ని చీకటి పడ్డాక. ఒకే జాతికి చెందిన గూళ్లన్నీ ఒకే వాన తర్వాత, ఒకే వేళకు రాణులను వదులుతాయి. లేకపోతే వేరే గూటి మగ చీమ దొరకదు. కాబట్టి తేదీ, గంట, వాన పడి ఎంతసేపయింది, గోడ మీదా నేల మీదా చెట్టు మీదా, దీపానికి వచ్చిందా తనంతట నడుస్తోందా అన్న వివరాలు రాసి పెట్టుకోవాలి. జిల్లా పేరైనా లేని రాణి ఫొటోను పట్టుకొని జాతి అడిగేవారికి నిజాయితీపరుడైన నిపుణుడు ప్రజాతి దాటి చెప్పలేడు.

కొన్ని జాతులను వేళే పక్కకు తప్పిస్తుంది. ఇళ్లలో చక్కెర డబ్బాల చుట్టూ తిరిగే టాపినోమా మెలనోసెఫలం, ఆసుపత్రులను పీడించే ఫరో చీమ మోనోమోరియం ఫరావోనిస్‌లలో ఒక గూటిలో అనేక రాణులు ఉంటాయి. కొన్ని రాణులు శ్రామికులను వెంటబెట్టుకొని వేరుపడితే కొత్త గూడు ఏర్పడుతుంది. వాన వెలిశాక వాకిట్లో ఒంటరిగా పరుగెత్తే రాణి ఈ రెండింటిలో ఒకటి కావడం దాదాపు జరగదు.

సంతానం చెప్పేది

నీటి మీద దూది బిగించిన గాజు గొట్టంలో రాణిని చీకట్లో ఉంచితే కొద్ది రోజుల్లో గుడ్లు పెడుతుంది. ఇక్కడ శ్రామికులు పుట్టేలోగానే ఒక మంచి ఆధారం దొరుకుతుంది, కానీ దాన్ని చాలామంది పట్టించుకోరు. లార్వాలు ప్యూపాలుగా మారేటప్పుడు పట్టు గూడు అల్లుకున్నాయా లేదా అన్నదే ఆ ఆధారం. కాంపొనోటస్‌లో, పొనెరినేలో ప్యూపాలు గోధుమ రంగు కోశాల్లో ఉంటాయి. మిర్మిసినే, డోలికోడెరినేలలో అవి తెల్లగా, బట్టబయలుగా, కాళ్లూ కళ్లూ కనిపించేలా ఉంటాయి. ఈకోఫిల్లా ఫార్మిసినేలోదే అయినా దాని ప్యూపాకు కోశం లేదు. దాని లార్వాల పట్టు అంతా ఆకులను కుట్టడానికే ఖర్చవుతుంది.

తొలి శ్రామికులు సొలెనోప్సిస్‌లో సుమారు నెల రోజులకు, కాంపొనోటస్‌లో అంతకంటే ఆలస్యంగా వస్తాయి. వేడిని బట్టి ఈ గడువు మారుతుంది. ఇవి మామూలు శ్రామికులకంటే చిన్నవి, పిరికివి. రాణి ఒంటి నిల్వలతోనే పెరిగినవి కదా. ప్రజాతిని రూఢి చేసుకోవడానికి ఇవి చాలు. జాతిని తేల్చడానికి మాత్రం రెండో, మూడో విడత శ్రామికులు రావాలి. ఫైడోలేలో పెద్దతల సైనికులు కూడా ఉండాలి. పట్టికలు రాసింది పెరిగిన గూళ్లనుంచి తీసిన చీమల కొలతలతో, తొలి బిడ్డల కొలతలతో కాదు.

ఎన్ని వారాలు చూసినా గుడ్లు పెట్టని రాణులు ఉంటాయి. జతకట్టకపోవడం ఒక కారణం. పరాన్నజీవి జాతి కావడం మరొకటి. ఐరోపాలో లేసియస్ అంబ్రాటస్ రాణి తనంతట గూడు పెట్టలేదు. లేసియస్ నైగర్ లాంటి దగ్గరి జాతి గూటిలోకి చొరబడి, అక్కడి శ్రామికులచేత తన పిల్లలను పెంచించుకుంటుంది. సొంత నిల్వలు అవసరం లేని ఈ రాణి పొట్ట చిన్నది, తల మాత్రం ఒంటితో పోలిస్తే పెద్దది. గొట్టంలో ఒంటరిగా ఉంచితే ఇది చచ్చిపోవడం తప్ప మరేమీ జరగదు. దీనికి పూర్తిగా భిన్నమైనవి మన దేశంలో విరివిగా కనిపించే డయాకమ్మా చీమలు. వాటిలో రాణి తరగతే లేదు. జతకట్టిన ఒక శ్రామికి గుడ్లు పెడుతుంది. వక్షం మీది రెక్క మొగ్గల్లాంటి అవయవాలు ఎవరికి మిగిలితే గుడ్లు పెట్టే హక్కు వారిది. మిగతావాటి మొగ్గలను అది కొరికేస్తుంది. డయాకమ్మా రాణిని పట్టుకున్నామని ఎవరైనా చెబితే ప్రజాతైనా తప్పు, రాణైనా తప్పు.

నమూనా, డీఎన్ఏ

చచ్చిన రాణిని పారవేయకూడదు. ఒంటి లక్షణాలు చూడటానికి 70 శాతం ఆల్కహాలు చాలు, డీఎన్ఏ తీయాలంటే 95 శాతం కావాలి. బతికున్న రాణిని కొద్ది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచితే మందగించి ఫొటోకు నిలుస్తుంది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ నడిపే యాంట్‌వెబ్ ప్రతి నమూనాకు ముఖం ఎదురుగా, పక్కనుంచి, పైనుంచి మూడు చిత్రాలు ఇస్తుంది. ఆ మూడు కోణాల్లోనే ఫొటో తీస్తే పోల్చడం సులువు. రాణుల చిత్రాలు అక్కడ శ్రామికులంత విరివిగా ఉండవు.

2003లో పాల్ హెబర్ట్ ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడింగ్ పద్ధతిలో మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువునుంచి సుమారు 650 అక్షరాల ముక్కను చదివి పోలుస్తారు. ఒక కాలు చాలు, మిగతా చీమ చెక్కుచెదరదు. రాణి అయినా, మగదైనా, లార్వా అయినా ఒకే జవాబు రావడం దీని బలం. డోరిలస్ లాంటి ప్రజాతుల్లో మగవాటికి ఒక పేరు, శ్రామికులకు ఇంకో పేరు పెట్టిన చోట వాటిని జతచేయడానికి ఇదొక మంచి మార్గం. అయితే పోల్చడానికి ఆ జాతి వివరం ముందే భాండాగారంలో ఉండాలి. అది కూడా నిపుణుడు సరిగా పేరు పెట్టిన నమూనా నుంచి తీసినదై ఉండాలి. వోల్‌బాకియా బ్యాక్టీరియా సోకిన చీమల్లోనూ, సంకర జాతుల్లోనూ ఈ జన్యువు తప్పు దారి పట్టించగలదు.

నమూనా లేని పేరు ఎలా మిగిలిపోతుందో చూపడానికి తెలుగు నేలతో సంబంధం ఉన్న ఉదాహరణే ఉంది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి.జెర్డన్ 1851లో దక్షిణ భారత చీమల జాబితా ప్రచురించాడు. ఎగిరి దూకే హార్పెగ్నాథస్ సాల్టేటర్ అందులోదే, ఆ పేరు నేటికీ చెల్లుతోంది. చీమల నడవడిక మీద ఆయన పరిశీలనలు చక్కనివి. ఆయన చూసిన నమూనాలు మిగలలేదు కాబట్టి ఆ జాబితాలోని కొన్ని పేర్లు ఏ చీమవో ఇప్పుడు చెప్పడం కష్టం.

వ్యాపారం, చట్టం

చీమలను పెంచే అభిరుచి ఐరోపాలో, తూర్పు ఆసియాలో వ్యాపారంగా ఎదిగింది. రాణి ధర జాతి పేరును బట్టే పలుకుతుంది కాబట్టి తప్పు పేర్లతో అమ్మడమూ ఉంది. 2025 ఏప్రిల్‌లో కెన్యాలో సుమారు 5 వేల చీమలతో ఇద్దరు బెల్జియం యువకులు పట్టుబడ్డారు. వాటిలో ఎక్కువ మెసర్ సెఫలోటెస్ అనే గింజలు కూడబెట్టే పెద్ద ఎర్ర చీమ రాణులు. దూది పెట్టిన చిన్న గొట్టాల్లో వాటిని దాచారు. మే 7న నైరోబీ విమానాశ్రయ న్యాయస్థానం వారికీ, వేరే కేసులో దొరికిన మరో ఇద్దరికీ తలా 10 లక్షల కెన్యా షిల్లింగ్‌ల జరిమానా విధించింది. పరాయి చోట స్థిరపడిన రాణి ఎంత నష్టం తేగలదో సొలెనోప్సిస్ ఇన్విక్టా అమెరికాలో చూపింది.

భారతదేశంలో అభయారణ్యాలు, జాతీయ పార్కులలో చీమలను సేకరించడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం విదేశీయులు పరిశోధనకు గానీ వ్యాపారానికి గానీ ఇక్కడి జీవ వనరులను తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి తప్పనిసరి.